జోసెఫ్ షే

జోసెఫ్ ఫ్రాన్సిస్ షే (సెప్టెంబర్ 5, 1925 - ఫిబ్రవరి 14, 1999) అమెరికాకు చెందిన అంతరిక్ష రంగ ఇంజనీరు. వ్యవస్థల ఇంజనీరింగు అనే శాస్త్రశాఖలో తొలితరం నిపుణులలో ఒకడు. టైటాన్ క్షిపణుల మార్గనిర్దేశక వ్యవస్థల రూపకల్పనలోను, ఆ తరువాత అమెరికా అంతరిక్ష సంస్థ నాసా చేపట్టిన అపోలో కార్యక్రమంలోను ఈయన కీలకపాత్ర వహించాడు. చంద్రునిపైకి మనిషిని ఏ మార్గంలో పంపాలన్న వివాదాన్ని పరిష్కరించి, నాసాలోని వివిధ కేంద్రాలను ఒకే నిర్ణయానికి తీసుకురావడం ఈయన సాధించిన ముఖ్య విజయం. 1963 నుండి 1967 వరకు అపోలో వ్యోమనౌక కార్యక్రమానికి అధిపతిగా పనిచేశాడు. జనవరి 27, 1967న ముగ్గురు వ్యోమగాములను బలిగొన్న అపోలో 1 అగ్నిప్రమాదం ఈయన పర్యవేక్షణలోని నౌకలోనే జరిగింది. ఆ ప్రమాదం తరువాత కొద్ది నెలలకే ఈయన నాసాను విడిచిపెట్టాడు.

వ్యవస్థల ఇంజనీరింగు

విమానం, క్షిపణి, వ్యోమనౌక వంటి పెద్ద యంత్రాలలో వేల సంఖ్యలో భాగాలుంటాయి. ఇంజను, విద్యుత్తు, రేడియో, ప్రాణవాయువు వంటి ఒక్కొక్క విభాగాన్ని ఒక్కొక్క నిపుణ బృందం తయారుచేస్తుంది. ప్రతి భాగమూ విడిగా చక్కగా పనిచేసినంత మాత్రాన, అన్నిటినీ కలిపినపుడు మొత్తం యంత్రం సరిగా పనిచేస్తుందని చెప్పలేము. ఒక భాగంలో పెరిగిన బరువు మరొక భాగానికి ఇంధనం చాలకుండా చేయవచ్చు. ఒక పరికరం విడుదల చేసే వేడి పక్కనున్న పరికరాన్ని పాడుచేయవచ్చు. భాగాల మధ్యనుండే ఈ సంబంధాలను గమనించి, లాభనష్టాలను తూచి, మొత్తం యంత్రం ఉద్దేశించిన పనిని చేసేలా చూడడమే వ్యవస్థల ఇంజనీరు బాధ్యత. 1950వ దశకంలో ఖండాంతర క్షిపణుల తయారీ కారణంగా ఈ శాఖ అమెరికాలో ప్రాముఖ్యంలోకి వచ్చింది. షే ఉద్యోగ జీవితం సరిగ్గా ఆ కాలంలోనే మొదలయింది.

బాల్యము, విద్య

షే న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ ప్రాంతంలో ఒక శ్రామిక కుటుంబంలో పెద్ద కుమారుడిగా జన్మించాడు. వీరిది ఐరిష్ సంతతికి చెందిన కాథలిక్ కుటుంబం. తండ్రి నగర భూగర్భ రైల్వేలో మెకానిక్. చిన్నతనంలో షేకు ఇంజనీరింగు పట్ల ప్రత్యేకమైన ఆసక్తి ఉండేది కాదు. మంచి పరుగు పందెగాడు కావడంతో క్రీడాకారుడు కావాలని కోరుకునేవాడు. పదహారేళ్లకే ఉన్నత పాఠశాల చదువు ముగించాడు.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1943లో అమెరికా నౌకాదళంలో చేరాడు. కళాశాల చదువు చెప్పించే నౌకాదళ పథకం కింద డార్ట్‌మత్ కళాశాలలోను, మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ (ఎం.ఐ.టి)లోను, చివరకు మిషిగన్ విశ్వవిద్యాలయంలోను చదివాడు. మిషిగన్‌లోనే గణితంలో పట్టభద్రుడై, అనంతరం ఇంజనీరింగు మెకానిక్స్‌లో ఎం.ఎస్. పట్టాను, 1955లో డాక్టరేటును పొందాడు. పరిశోధన చేస్తున్న కాలంలోనే విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు, బెల్ ప్రయోగశాలలలో కూడా పనిచేశాడు.

క్షిపణుల రంగంలో

డాక్టరేటు పూర్తయిన తరువాత షే న్యూజెర్సీ రాష్ట్రంలోని విప్పనీలో ఉన్న బెల్ ప్రయోగశాలలలో వ్యవస్థల ఇంజనీరుగా స్థిరపడ్డాడు. అక్కడ టైటాన్ 1 ఖండాంతర క్షిపణికి రేడియో ద్వారా దారి చూపే వ్యవస్థపై పనిచేశాడు. నేలపైనున్న రాడార్, గణనయంత్రం, క్షిపణిలోని గ్రాహకాలు, వాటిని తయారుచేసిన వేర్వేరు సంస్థల పనులు అన్నీ ఒకదానితో ఒకటి పొసగేలా చూడడం ఈయన విధి.

1959లో జనరల్ మోటార్స్ సంస్థకు చెందిన ఎ.సి. స్పార్క్ ప్లగ్ విభాగంలో చేరి, టైటాన్ 2 క్షిపణి జడత్వ మార్గనిర్దేశక వ్యవస్థ కార్యక్రమాన్ని నడిపాడు. ఈ పద్ధతిలో క్షిపణి నేలనుండి వచ్చే సంకేతాలపై ఆధారపడదు. తనలోని గైరోస్కోపులు, త్వరణమాపకాల సహాయంతో తానే దారి తెలుసుకుంటుంది. 1961లో లాస్ ఏంజలెస్‌లోని స్పేస్ టెక్నాలజీ లేబొరేటరీస్ అనే సంస్థకు మారాడు. చిక్కుపడిన పెద్ద పథకాలను దారిలో పెట్టగలవాడన్న పేరు అప్పటికే ఈయనకు ఉంది.

నాసాలో ప్రవేశం

1960వ దశకం ముగిసేలోగా చంద్రునిపై మనిషిని దింపి క్షేమంగా తీసుకురావాలని మే 25, 1961న అధ్యక్షుడు జాన్ ఎఫ్. కెన్నెడీ అమెరికా చట్టసభలో కోరాడు. నాసా మానవసహిత అంతరిక్ష యాత్రల విభాగానికి అధిపతి అయిన బ్రెయినర్డ్ హోమ్స్, సాంకేతిక విషయాలలో తనకు తోడుగా నిలిచే ఉపాధికారి కోసం వెదుకుతున్నాడు. డిసెంబరు 1961లో ఆ పదవికి షేను ఆహ్వానించాడు. షే అంగీకరించి వాషింగ్టన్‌లోని నాసా ప్రధాన కార్యాలయంలో చేరాడు.

చంద్రుని చేరే మార్గం

షే చేరేనాటికి చంద్రుని ఎలా చేరాలన్న మౌలిక ప్రశ్నకే సమాధానం దొరకలేదు. ముఖ్యంగా మూడు పద్ధతులు చర్చలో ఉన్నాయి.

* నేరుగా దిగే పద్ధతి: నోవా అనే బ్రహ్మాండమైన రాకెట్టుతో వ్యోమనౌకను భూమినుండి సరాసరి చంద్రునిపైకి పంపడం. అంత పెద్ద రాకెట్టును గడువులోగా నిర్మించడం కష్టం.
* భూకక్ష్యలో సంధానం: ఒకటికి మించిన రాకెట్టులతో భాగాలను పంపి, భూమి చుట్టూ తిరిగే కక్ష్యలో వాటిని జతపరచి, ఆ పెద్ద నౌకను చంద్రునిపై దింపడం. అలబామా రాష్ట్రం హంట్స్‌విల్‌లో వెర్నర్ వాన్ బ్రౌన్ నేతృత్వంలోని మార్షల్ అంతరిక్ష కేంద్రం ఈ పద్ధతివైపు మొగ్గింది.
* చంద్రకక్ష్యలో సంధానం: ఒకే శాటర్న్ 5 రాకెట్టుతో రెండు నౌకలను కలిపి పంపడం. ప్రధాన నౌక చంద్రుని కక్ష్యలోనే తిరుగుతుంటుంది. చిన్న నౌక ఇద్దరు వ్యోమగాములతో కిందికి దిగి, తిరిగి పైకి వచ్చి ప్రధాన నౌకను కలుసుకుంటుంది. లాంగ్లీ పరిశోధనా కేంద్రానికి చెందిన జాన్ హూబోల్ట్ ఈ పద్ధతికోసం పట్టుదలగా వాదించాడు. నవంబరు 1961లో తన పైఅధికారులందరినీ దాటి నాసా సహ నిర్వాహకుడు రాబర్ట్ సీమన్స్‌కు నేరుగా లేఖ రాశాడు.

మూడవ పద్ధతిలో బరువు ఎంతో ఆదా అవుతుంది. భూమికి తిరిగిరావడానికి కావలసిన ఇంధనాన్ని, వేడినుండి కాపాడే కవచాన్ని చంద్రునిపైకి దింపి మళ్లీ పైకి ఎత్తవలసిన పని ఉండదు. కానీ అప్పటికి అంతరిక్షంలో రెండు నౌకలను జతపరచిన అనుభవం ఎవరికీ లేదు. తొలి సంధానం మార్చి 16, 1966న జెమిని 8 యాత్రలో గాని జరగలేదు. భూకక్ష్యలో సంధానం విఫలమైతే వ్యోమగాములు ఇంటికి రావచ్చు. అదే చంద్రుని దగ్గర విఫలమైతే వారిని కాపాడేవారుండరు. అందువల్లనే చాలామంది ఈ పద్ధతికి మొదట విముఖత చూపారు.

ఈ విషయాన్ని తేల్చే బాధ్యత షేపై పడింది. కేంద్రాల మధ్య సాంకేతిక భేదాలకు తోడు పరస్పర అపనమ్మకం కూడా ఉన్నదని ఈయన గమనించాడు. రెండు పక్షాలను తరచుగా సమావేశపరచి, బరువు, ఖర్చు, కాలం, ప్రమాదావకాశం అనే అంశాలను ఒకే కొలమానంతో పోల్చే అధ్యయనాలు చేయించాడు. ఏప్రిల్ 1962లో హ్యూస్టన్ కేంద్రపు ఇంజనీర్లు హంట్స్‌విల్ వెళ్లి తమ వాదనను వివరంగా వినిపించారు. అధ్యయనాలు సాగినకొద్దీ షే కూడా చంద్రకక్ష్యా సంధానమే మేలన్న అభిప్రాయానికి వచ్చాడు. జూన్ 7, 1962న వాన్ బ్రౌన్ తన కేంద్రపు ఇంజనీర్లనే ఆశ్చర్యపరుస్తూ చంద్రకక్ష్యా సంధానానికి మద్దతు ప్రకటించాడు. జూలై 11న నాసా ఈ నిర్ణయాన్ని బహిరంగంగా వెల్లడించింది. అధ్యక్షుని శాస్త్ర సలహాదారు జెరోమ్ వీస్నర్ ఆ తరువాత కూడా వ్యతిరేకించినా నిర్ణయం మారలేదు. నవంబరు 1962లో చంద్రునిపై దిగే నౌక నిర్మాణాన్ని గ్రుమ్మన్ సంస్థకు అప్పగించారు. 1969 నుండి 1972 వరకు చంద్రునిపై దిగిన ఆరు అపోలో యాత్రలూ ఈ మార్గాన్నే అనుసరించాయి.

అపోలో వ్యోమనౌక కార్యాలయ అధిపతిగా

అక్టోబరు 1963లో షే హ్యూస్టన్‌లోని మానవసహిత వ్యోమనౌకల కేంద్రానికి (1973లో దీనికి లిండన్ బి. జాన్సన్ అంతరిక్ష కేంద్రమని పేరు పెట్టారు) బదిలీ అయి, అపోలో వ్యోమనౌక కార్యక్రమ కార్యాలయానికి అధిపతి అయ్యాడు. ప్రధాన నౌకను నిర్మిస్తున్న నార్త్ అమెరికన్ ఏవియేషన్, చంద్రనౌకను నిర్మిస్తున్న గ్రుమ్మన్, మార్గనిర్దేశక వ్యవస్థను రూపొందిస్తున్న ఎం.ఐ.టి. ప్రయోగశాలల పనిని సమన్వయపరచడం ఈ కార్యాలయపు బాధ్యత.

ఇక్కడ ఎదురైన చిక్కులలో కొన్ని మునుపటి నిర్ణయాల ఫలితాలే. ప్రధాన నౌక నిర్మాణాన్ని నార్త్ అమెరికన్ సంస్థకు నవంబరు 1961లోనే, అంటే మార్గం నిర్ణయం కాకముందే అప్పగించారు. కనుక మొదటి నమూనాలో మరొక నౌకతో జతపడే ఏర్పాటు లేదు. దానిని భూకక్ష్యలో పరీక్షలకోసం బ్లాక్ 1 అని, చంద్రయాత్రకు సరిపోయేలా మార్చిన రెండవ నమూనాను బ్లాక్ 2 అని వ్యవహరించారు. చంద్రనౌక బరువు అనుమతించిన హద్దును దాటిపోతుండడంతో 1965లో గ్రుమ్మన్ సంస్థ ప్రత్యేకంగా బరువు తగ్గించే కార్యక్రమాన్ని చేపట్టవలసి వచ్చింది.

షే ప్రతి విభాగం నుండి వారంవారం వివరాలు తెప్పించి ఒక లావుపాటి దస్త్రంగా కట్టించేవాడు. వారాంతంలో దానిని ఆసాంతం చదివి, అంచులలో ప్రశ్నలు, ఆదేశాలు రాసి తిప్పిపంపేవాడు. ఇంత పెద్ద పథకంలో ప్రతి వివరాన్నీ స్వయంగా పరిశీలించడం ఈయన పద్ధతి. మాటలతో శ్లేషలు విసరడం, ముఖ్యమైన సమావేశాలకు అదృష్టం కోసం ఎర్ర మేజోళ్లు ధరించడం ఈయన అలవాట్లుగా ప్రసిద్ధి చెందాయి.

గడువు ఒత్తిడి మాత్రం తగ్గలేదు. అపోలో కార్యక్రమ సంచాలకుడు శామ్యూల్ ఫిలిప్స్ నార్త్ అమెరికన్ సంస్థ పనితీరును పరిశీలించి, జాప్యాన్ని, నాణ్యతా లోపాలను తీవ్రంగా విమర్శిస్తూ డిసెంబరు 1965లో ఆ సంస్థ అధ్యక్షునికి లేఖ రాశాడు.

అపోలో 1 అగ్నిప్రమాదం

మనుషులతో ఎగరవలసిన తొలి అపోలో నౌక సంఖ్య 012. ఆగస్టు 19, 1966న ఈ నౌకను స్వీకరించడానికి ముందు జరిగిన సమీక్షా సమావేశంలో వ్యోమగాములు గస్ గ్రిస్సమ్, ఎడ్ వైట్, రోజర్ చాఫీ షేకు ఒక ఛాయాచిత్రాన్ని బహూకరించారు. అందులో వారు ముగ్గురూ నౌక నమూనా ముందు తలలు వంచి, చేతులు జోడించి ప్రార్థిస్తున్నట్లు కనిపిస్తారు. సరదాగా ఇచ్చినదే అయినా, నౌకపై వారికున్న అనుమానాన్ని ఆ చిత్రం దాచలేదు. గదిలో నైలాన్ వలలు, వెల్క్రో పట్టీలు వంటి మండే పదార్థాలు ఎక్కువగా ఉన్న విషయం కూడా ఆ సమావేశంలో చర్చకు వచ్చింది. వాటిని తొలగించే ఏర్పాటు చూడమని షే తన సిబ్బందిని ఆదేశించాడు. ఆ ఆదేశం అమలును మాత్రం స్వయంగా పర్యవేక్షించలేదు. ఆగస్టు 26న నౌకను ఫ్లోరిడాలోని కెన్నెడీ అంతరిక్ష కేంద్రానికి పంపేనాటికి 113 ముఖ్యమైన మార్పులు ఇంకా పూర్తికాలేదు. అక్కడికి చేరిన తరువాత మరి 623 మార్పులకు ఉత్తర్వులు వెలువడ్డాయి.

అదే సంవత్సరంలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ అధికారి ఒకరు నౌకలో అగ్నిప్రమాదానికి అవకాశం ఉన్నదని షేను లిఖితపూర్వకంగా హెచ్చరించాడు. నిప్పు పుట్టకుండా ఆపడానికి తగినంత జాగ్రత్త ఉన్నదని, ఒకవేళ పుడితే మాత్రం ఇబ్బందేనని షే ఇచ్చిన సమాధానం సారాంశం.

జనవరి 27, 1967న ప్రయోగ వేదికపై నౌకను బయటి విద్యుత్తు నుండి వేరుచేసి చూసే పరీక్ష జరిగింది. రాకెట్టులో ఇంధనం లేనందున దీనిని ప్రమాదకరమైన పరీక్షగా పరిగణించలేదు. కొన్నాళ్లుగా ఇబ్బంది పెడుతున్న సంభాషణ వ్యవస్థ లోపాలు ప్రత్యక్షంగా తెలియాలంటే షే కూడా పరీక్ష సమయంలో లోపల కూర్చోవాలని వ్యోమగాముల పక్షంనుండి సూచన వచ్చింది. నాలుగవ వ్యక్తికి మాట్లాడే తీగ ఏర్పాటు చేయడం కుదరకపోవడంతో షే అందులోకి వెళ్లక, హ్యూస్టన్‌కు తిరిగి వచ్చాడు. ఆ సాయంత్రం 6 గంటల 31 నిమిషాలకు నౌకలోనుండి నిప్పు అన్న కేక వినిపించింది. సుమారు పదిహేను సెకన్లలోనే లోపలి పీడనానికి నౌక గోడ పగిలింది. తలుపులు తెరవడానికి సిబ్బందికి దాదాపు ఐదు నిమిషాలు పట్టింది. అప్పటికే ముగ్గురూ విషవాయువుల వల్ల మరణించారు. షేకు ఈ వార్త హ్యూస్టన్‌లోని తన కార్యాలయంలో తెలిసింది.

ప్రమాద కారణాలు

లాంగ్లీ కేంద్రం సంచాలకుడు ఫ్లాయిడ్ థాంప్సన్ అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘం ఏప్రిల్ 1967లో నివేదిక సమర్పించింది. నిప్పు రవ్వ పుట్టిన చోటు కచ్చితంగా తేలలేదు. విద్యుత్ తీగల వద్ద పుట్టిన మెరుపే కారణం కావచ్చునని సంఘం భావించింది. అయితే ప్రమాదాన్ని ప్రాణాంతకం చేసిన పరిస్థితులను స్పష్టంగా పేర్కొంది.

వాటిని విడివిడిగా చూస్తే ఒక్కొక్కదానికి ఒక్కొక్క సమర్థన కనిపిస్తుంది. స్వచ్ఛమైన ఆక్సిజన్ వాడితే పరికరాల బరువు తగ్గుతుంది. మెర్క్యురీ, జెమిని నౌకలలో దానిని వాడినా ప్రమాదం జరగలేదు. అంతరిక్షంలో దాని పీడనం చదరపు అంగుళానికి 5 పౌండ్లు మాత్రమే. నేలపై పరీక్షించేటపుడు లోపలి పీడనం బయటి వాతావరణ పీడనం కంటే ఎక్కువ ఉండాలి కనుక 16.7 పౌండ్లకు పెంచారు. భారరహిత స్థితిలో వస్తువులు తేలిపోకుండా వెల్క్రో, వలలు కావాలి. లోపలివైపుకు తెరుచుకునే తలుపు తేలికగా ఉంటుంది, ప్రయాణంలో పొరపాటున తెరుచుకోదు. ఇవన్నీ ఒకేచోట కలిసినపుడు ఫలితం వేరు. అంత పీడనంలోని ఆక్సిజన్‌లో మామూలుగా నెమ్మదిగా కాలే వస్తువులు కూడా భగ్గున మండుతాయి. మంటవల్ల పెరిగిన పీడనం లోపలి తలుపును మరింత గట్టిగా బిగించింది. దానిని తెరవడానికి అనుకూల పరిస్థితులలోనే కనీసం 90 సెకన్లు పడుతుంది. ప్రమాదకరమైన పరీక్ష కాదనుకున్నందున తగిన రక్షణ ఏర్పాట్లు కూడా లేవు. భాగాల మధ్య సంబంధాలను కనిపెట్టవలసిన వ్యవస్థల ఇంజనీరింగు విఫలమైన సందర్భంగా ఈ ప్రమాదం ఆ శాస్త్ర చరిత్రలో నిలిచిపోయింది.

ప్రమాదానంతర మార్పులు

ప్రమాదం షేను తీవ్రంగా కలచివేసింది. బాధ్యతను తనపైనే వేసుకుని, విచారణలో రాత్రింబవళ్లు పనిచేశాడు. ఈయన మానసిక స్థితిని గురించి పైఅధికారులు ఆందోళన చెందారు. ఏప్రిల్ 1967లో ఈయనను వాషింగ్టన్‌కు బదిలీ చేసి, హ్యూస్టన్ పదవిలో జార్జ్ లోను నియమించారు. కొత్త ఉద్యోగంలో తగిన పని లేదని భావించిన షే కొద్దినెలలకే నాసాకు రాజీనామా చేశాడు.

లో నాయకత్వంలో నౌకను మళ్లీ తీర్చిదిద్దారు. బయటివైపుకు కొన్ని సెకన్లలోనే తెరుచుకునే ఒకే తలుపును అమర్చారు. ప్రయోగ వేదికపై గదిలో 60 శాతం ఆక్సిజన్, 40 శాతం నైట్రోజన్ ఉండేలా మార్చారు. మండే పదార్థాలను చాలావరకు తొలగించారు. లో అధ్యక్షతన ఏర్పడిన మార్పుల నియంత్రణ సంఘం 1967 జూన్ నుండి 1969 జూలై వరకు 1,697 మార్పులను పరిశీలించి 1,341 మార్పులను ఆమోదించింది. ప్రతి మార్పు ప్రభావాన్ని అన్ని విభాగాల అధిపతులు, వ్యోమగాములు ఒకేచోట కూర్చుని చర్చించిన తరువాతనే నిర్ణయం తీసుకునేవారు. అక్టోబరు 1968లో అపోలో 7 మనుషులతో ఎగిరింది. జూలై 20, 1969న అపోలో 11 యాత్రలో మానవుడు చంద్రునిపై కాలుమోపాడు.

తరువాతి జీవితం

నాసాను వీడిన షే మసాచుసెట్స్ రాష్ట్రంలోని పోలరాయిడ్ సంస్థలో ఉపాధ్యక్షుడిగా చేరాడు. 1968లో రేథియాన్ సంస్థకు మారి, 1990లో పదవీ విరమణ చేసేవరకు అక్కడే పనిచేశాడు. 1971లో అమెరికా జాతీయ ఇంజనీరింగు అకాడమీకి ఎన్నికయ్యాడు. విరమణ తరువాత ఎం.ఐ.టి.లో విమానయాన, అంతరిక్షయాన శాస్త్ర విభాగంలో బోధించాడు.

ఫిబ్రవరి 1993లో నాసా నిర్వాహకుడు డేనియల్ గోల్డిన్, ఖర్చు పెరిగిపోయి సతమతమవుతున్న అంతరిక్ష కేంద్రం నమూనాను సరిదిద్దే పనికి షేను పిలిపించాడు. అనారోగ్యం వల్ల కొద్దికాలంలోనే ఆ బాధ్యతనుండి తప్పుకుని, సలహాదారుగా కొనసాగాడు. ఫిబ్రవరి 14, 1999న మసాచుసెట్స్‌లోని వెస్టన్‌లో 73 సంవత్సరాల వయసులో మరణించాడు.

అపోలో కార్యక్రమంపై 1998లో హెచ్.బి.ఓ. ప్రసారం చేసిన "ఫ్రమ్ ది ఎర్త్ టు ది మూన్" ధారావాహికలో షే పాత్రను కెవిన్ పొలాక్ పోషించాడు.

ప్రాముఖ్యత

షే జీవితంలోని రెండు ఘట్టాలు వ్యవస్థల ఇంజనీరు వృత్తికి రెండు పార్శ్వాలను చూపుతాయి. 1962లో ఒక్కొక్క కేంద్రం తన దృష్టితో మాత్రమే చూస్తున్న సమస్యను మొత్తంగా పరిశీలించి, అందరూ ఒప్పుకునే పరిష్కారాన్ని సాధించాడు. 1966లో ఆక్సిజన్, మండే పదార్థాలు, తలుపు అనే మూడు విషయాలూ వేర్వేరుగా తెలిసినవే అయినా, అవి కలిస్తే ఏమవుతుందో సకాలంలో గుర్తించి ఆపగలిగినవారు లేకపోయారు. ఎంత సమర్థుడైనా ఒక వ్యక్తి అన్ని వివరాలనూ తానొక్కడే కనిపెట్టి ఉండలేడని, ఇచ్చిన ఆదేశం అమలైనదో లేదో చూసే యంత్రాంగం కూడా నౌకలో భాగమంత ముఖ్యమని ఆ అనుభవం నేర్పింది. అపోలో తరువాతి యాత్రలు ఆ పాఠం మీదనే నడిచాయి.

ఇవి కూడా చూడండి

* అపోలో కార్యక్రమం
* అపోలో 1
* అపోలో 11
* వెర్నర్ వాన్ బ్రౌన్
* నాసా